మట్టి, బొగ్గు, సుద్దలతో గుహ బొమ్మలు: ఇంటిల్లిపాదీ కలిసి వేయాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలతో కలిసి మట్టి నూరి, బొగ్గు కాల్చి, ఆదిమానవుల తరహాలో బొమ్మలు వేయడం మా ఇంట్లో కొన్నేళ్లుగా సాగుతోంది. అది చూసినవాళ్లూ, చూసి తామూ మొదలుపెట్టినవాళ్లూ నన్ను అడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి చాలా చెప్పాలి, కొన్నిటికి ఒక్క మాట చాలు.

ఒక్క పూటలో అయిపోతుందా?

తొందరపడితే అవుతుంది. కానీ దయచేసి తొందరపడకండి, మూడు పూటలుగా విడగొట్టుకోండి. ఒక పూట మట్టి వెతకడం, కడగడం. అది తేరుకుని ఎండడానికి మధ్యలో ఒకటి రెండు రోజులు వదిలేయాలి. ఇంకో పూట నూరడం, బొగ్గు చేయడం, గుహ గోడలాంటి పలకను తయారు చేసుకోవడం. చివరి పూట బొమ్మ. మా పిల్లలు ఇప్పటికీ ఎక్కువగా తలుచుకునేది మట్టి నూరిన పూటనే. తాము ఏరుకొచ్చిన గడ్డ తమ చేతుల్లోనే రంగుగా మారడం వాళ్లకు చాలా పెద్ద సంగతి. రంగు కొనుక్కొచ్చి బొమ్మ మాత్రం వేయిస్తే అది మామూలు డ్రాయింగ్ క్లాసే అవుతుంది.

మరీ చిన్నపిల్లలను కూర్చోబెట్టవచ్చా?

తప్పకుండా. ఆదిమానవులు బొమ్మలు వేసిన గుహల్లోకి చిన్నపిల్లలు కూడా వెళ్లారు మరి. ఫ్రాన్స్‌లో రూఫిన్యాక్ అనే గుహ ఉంది. మామత్‌ల (ఇప్పుడు లేని బొచ్చు ఏనుగుల) బొమ్మలకు అది పేరుమోసింది. అందులో గోడల మీద, కప్పు మీద ఉన్న మెత్తటి పొరలో వేళ్లతో లాగిన గీతలు బారులు బారులుగా కనిపిస్తాయి. వేళ్ల మధ్య వెడల్పు కొలిచి చూసిన పరిశోధకులు వాటిలో చాలా గీతలు పిల్లలవేనని తేల్చారు. కొన్ని గీతలు ఒక పసిబిడ్డవి, అవి ఉన్నదేమో పెద్దవాళ్లు ఎత్తుకుంటే తప్ప అందని ఎత్తులో. అంటే అక్కడ ఎవరో ఒక బిడ్డను ఎత్తుకుని, గీసేందుకు కప్పు దాకా లేపి పట్టుకున్నారు. ఫ్రాన్స్‌లోనే గార్గాస్ గుహలో ఒక పసిబిడ్డ చేతి అచ్చు ఉంది, పక్కనే ఆ చేతిని కదలకుండా పట్టుకున్న పెద్దవాళ్ల చెయ్యి కూడా కనిపిస్తుంది. నేను ఈ పని మొదలుపెట్టడానికి కారణం ఆ రెండు చేతులే.

రెండు మూడేళ్ల పిల్లలకు తడి మట్టి, ఒక పెద్ద అట్ట, వాళ్ల పది వేళ్లు చాలు. వాళ్లు దేన్నయినా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వాళ్ల దగ్గర నీళ్లు కలిపిన శుభ్రమైన మట్టి తప్ప ఇంకేదీ పెట్టకండి, పక్కనే ఉండండి. ఐదారేళ్లవాళ్లు నూరగలరు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు పెద్దల పర్యవేక్షణలో దాదాపు అన్నీ చేస్తారు. నిప్పు పని మాత్రం ఏ వయసువాళ్లున్నా పెద్దలదే.

ఏయే రంగులు వస్తాయి?

ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, వీటి మధ్యలో రకరకాల గోధుమ రంగులు. ఇంతేనా అనిపిస్తుంది మొదట్లో. పని మొదలయ్యాక ఎరుపులోనే ఎన్ని ఎరుపులున్నాయో కంటికి తెలుస్తుంది: ఇటుక ఎరుపు, ఎండిన రక్తం రంగు, ఊదాకు దగ్గరైనది, నారింజకు దగ్గరైనది.

ఎరుపుకీ పసుపుకీ మూలం ఇనుమే. ఎర్రమట్టిలో ఉండే ఇనుప ఖనిజాన్ని హెమటైట్ అంటారు, పసుపు మట్టిలో ఉండేది గోథైట్. రెండూ ఒక రకంగా తుప్పే, ఇప్పటికే తుప్పు పట్టేసింది కనుక ఇంక మారేదేమీ లేదు. అందుకే వేల ఏళ్లయినా ఆ రంగు ఎండకు వెలవదు. మన భాషలో కావి, జేగురు అన్న మాటలు ఈ ఎర్రమట్టివే. పిల్లలకు హెమటైట్ అని చెప్పే ముందు జేగురు అని చెప్పండి, ఆ మాట వాళ్ల నోటికి నచ్చుతుంది.

నీలం, ఆకుపచ్చ కావాలని పిల్లలు పట్టుబడతారు. యూరప్ గుహల్లో ఈ రెండూ దాదాపు కనిపించవు. మధ్యప్రదేశ్‌లోని భీమ్‌బేట్కా రాతి ఆశ్రయాల్లో తెలుపు, ఎరుపులే ఎక్కువ, అక్కడక్కడా ఆకుపచ్చ, పసుపు ఉన్నాయి. ఆకులు, పూలు, పండ్లు నలిపితే ఆ పూటకు ముచ్చటైన రంగు వస్తుంది, వెలుగు తగిలితే కొన్ని వారాల్లో పోతుంది. కావాలంటే పక్కపక్కనే ఒక ఆకు గీత, ఒక మట్టి గీత గీసి కిటికీ దగ్గర పెట్టండి. నెల తిరిగేసరికి ఏది మిగిలిందో పిల్లలే చెబుతారు.

మంచి మట్టి ఏదో ఎలా తెలుస్తుంది?

చిటికెడు తీసుకుని నీటి చుక్క వేసి, బొటనవేలితో కాగితం మీద రాయండి. గీత నున్నగా, రంగు నిండుగా పడితే మంచిది. గరగరలాడుతూ వెలిసినట్టు పడితే ఇసుక ఎక్కువ. రంగు ఉన్న మెత్తటి రాయి దొరికితే గరుకు రాతి మీద తడిపి గీయండి. బయటికి ఏ రంగులో కనిపించినా, అసలు రంగు ఆ గీతే చెబుతుంది. నల్లగా, బూడిదగా మెరిసే హెమటైట్ రాయి కూడా గీస్తే ఎర్రటి గీతే పెడుతుంది. ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి.

వాహనాలు తిరిగే రోడ్ల అంచున, ఫ్యాక్టరీల దగ్గర, పాత గనుల దగ్గర, చెత్త పోసిన చోట, పెచ్చులూడిన పాత రంగు గోడల కింద మట్టి తీయకండి. అక్కడ సీసంలాంటి లోహాలు ఉండవచ్చు. స్థలం వేరేవాళ్లదైతే అడిగి తీసుకోండి. పురావస్తు స్థలాల్లో, రక్షిత అడవుల్లో ముట్టుకోవద్దు. రెండు గుప్పెళ్లకు మించి అవసరం రాదు. మట్టి దొరకకపోతే చిత్రకారుల కోసం అమ్మే సహజమైన ఓకర్ (ఇనుము ఉన్న రంగు మట్టి) పొడి కొనుక్కోవచ్చు, కొనేటప్పుడు అది భూమిలోని ఖనిజమో కాదో చదివి చూసుకోండి.

మట్టిని రంగుగా మార్చేదెలా?

ఇదే అసలు పని, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గడ్డలు చిదిమి, వేళ్లూ ఆకులూ ఏరేసి, ఒక పెద్ద సీసాలో మూడో వంతు దాకా మట్టి వేయండి. మిగతాదంతా నీళ్లు. మూత పెట్టి బాగా కుదపండి, ఇది పిల్లలకు ఇచ్చేయండి. ఆపాక ఒక నిమిషం ఆగండి. ఇసుక, రాళ్లు బరువు కాబట్టి ముందు కిందికి దిగిపోతాయి. రంగుండే మెత్తటి రేణువులు ఇంకా నీళ్లలో తేలుతూ ఉంటాయి. ఆ చిక్కటి రంగు నీళ్లను మాత్రం ఇంకో గిన్నెలోకి వంచండి, అడుగున ఉన్న ఇసుకను కదలనివ్వకండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే గిన్నెలో ఉన్నది వెన్నలాంటి మట్టి.

దాన్ని రాత్రంతా కదపకుండా వదిలేయండి. పొద్దున్నకు పైన నీళ్లు తేరుకుని ఉంటాయి. ఆ తేట వంచేసి, అడుగున మిగిలిన ముద్దను వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి ఎండబెట్టండి. ఎండి పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఇక నూరడమే.

నూరడానికి కల్వమైనా, చదును రాయి మీద గుండ్రటి గులకరాయి అయినా సరే. పొడిగా నూరవద్దు, దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని నీటి చుక్కలు వేసి ముద్దగా నూరండి. మొదట్లో గరగర చప్పుడు వస్తుంది, అది తగ్గుతూ తగ్గుతూ ఒక దశలో రాయి జారినట్టు వెళ్తుంది. ఆ చప్పుడు ఆగినప్పుడు రంగు సిద్ధమైనట్టు. ఎంతసేపు నూరాలో గడియారం చూసి చెప్పవద్దు, వినమనండి. మా పాప కళ్లు మూసుకుని నూరుతుంది, చప్పుడు బాగా తెలుస్తుందట.

దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో సుమారు 1,00,000 ఏళ్ల నాటి రంగుల సరంజామా దొరికింది. అబలోనీ అనే పెద్ద సముద్రపు గవ్వచిప్పల్లో ఓకర్, బొగ్గు, చితక్కొట్టిన ఎముకల పొడి కలిపి ఉంచారు, పక్కనే నూరుడు రాళ్లు. మీ గిన్నె పక్కన మీ గులకరాయి పెట్టుకున్నప్పుడు ఈ మాట పిల్లలకు చెప్పండి.

పసుపు మట్టిని కాల్చితే ఎర్రగా మారుతుందంటారు, నిజమేనా?

నిజమే. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. గోథైట్‌లో నీరు రసాయనికంగా బంధమై ఉంటుంది. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ నీరు వెళ్లిపోయి హెమటైట్ మిగులుతుంది, అంటే పసుపు పోయి ఎరుపు. ఆదిమానవులకు ఈ సంగతి తెలుసు. కొన్ని చోట్ల దొరికిన ఎర్రటి ఓకర్ కావాలని కాల్చిందేనని పరీక్షల్లో తేలింది.

ఆరుబయట, పాత ఇనుప పెనం మీద పసుపు మట్టి పొడిని పలుచగా పరిచి, బాగా వేడి చేసి, కర్రతో కలుపుతూ ఉండాలి. పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు రెండు అడుగుల దూరంలో నిలబడి చూడాలి. మొదట నారింజ, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత ఎరుపు వస్తాయి. ప్రతి దశలో ఒక చెంచా తీసి పక్కన పెట్టుకుంటే ఒకే మట్టి నుంచి నాలుగైదు రంగులు మీ చేతిలో ఉంటాయి. మట్టిలో ఆకుల అవశేషాలు ఉంటే కాస్త పొగ, వాసన వస్తాయి, అందుకే ఇంట్లో చేయవద్దు. ఆ పెనాన్ని మళ్లీ వంటకు వాడకండి.

నలుపుకు ఏ బొగ్గు వాడాలి?

మామూలు కట్టె బొగ్గు. అచ్చుపోసిన బొగ్గు బిళ్లల్లో మండడానికి, అంటుకోవడానికి వేరే పదార్థాలు కలుపుతారు, అవి వద్దు.

ఇంట్లోనే చేసుకోవాలంటే వేలి మందం ఎండు పుల్లలను బెరడు తీసి, మూత ఉన్న చిన్న రేకు డబ్బాలో బిగుతుగా పేర్చండి. మూతకు మేకుతో ఒక్క చిల్లి పెట్టండి. డబ్బాను ఆరుబయట మంటలో ఉంచితే ఆ చిల్లిలోంచి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగిపోయాక తీసి పక్కన పెట్టండి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయవద్దు. వేడిగా ఉండగానే గాలి తగిలితే లోపలి బొగ్గు అంటుకుని బూడిదైపోతుంది. మొదటిసారి మేము ఆగలేక తీశాం, డబ్బా మొత్తం మా కళ్లముందే బూడిదైంది. ఇప్పుడు రాత్రంతా వదిలేస్తాం.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో నలుపు ఎక్కువగా మాంగనీస్ ఆక్సైడ్. ఆ పొడి పీల్చితే మంచిది కాదు, ఇంట్లో దాని జోలికి పోవద్దు. ఫ్రాన్స్‌లోనే ఉన్న షోవే గుహలో గుర్రాలు, సింహాలు వేసింది బొగ్గుతోనే. బొగ్గు ఒకప్పుడు చెట్టు కాబట్టి రేడియోకార్బన్ పద్ధతిలో దాని వయసు కట్టవచ్చు. షోవే బొమ్మల్లో పాతవి సుమారు 36,000 ఏళ్ల నాటివని అలాగే తెలిసింది. ఎర్రమట్టిలో కార్బన్ ఉండదు, దాని వయసు నేరుగా ఆ పద్ధతిలో కట్టలేరు.

తెలుపు?

సుద్ద లేదా తెల్లటి కేయోలిన్ బంకమట్టి. సున్నం మాత్రం వద్దు, అది చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది.

దేనితో కలిపితే గోడకు అంటుకుంటుంది?

తడి గుహల్లో చాలాసార్లు వట్టి నీళ్లే సరిపోయాయి. గోడ మీద ఊరే నీటిలోని సున్నపు పదార్థం పలుచటి గాజు పొరలా రంగును బిగించేసింది. మనకు ఆ గోడ లేదు కాబట్టి ఏదో ఒక జిగురు కావాలి.

గుడ్డు పచ్చసొన నాకు అన్నిటికన్నా నచ్చింది. పచ్చసొనకు సమానంగా నీళ్లు కలిపి, ఆ మిశ్రమం ఒక చెంచాకు రంగు పొడి ఒక చెంచా చొప్పున కలపండి. గీత నిగనిగలాడుతుంది, ఎండాక గట్టిగా ఉంటుంది. పచ్చి గుడ్డు కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోవాలి, వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలకు, గుడ్డు పడనివాళ్లకు ఇది ఇవ్వకూడదు. వాళ్లకు తుమ్మ బంక మేలు: ఒక వంతు బంకకు రెండు వంతుల వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టాలి. ఏదీ కుదరకపోతే పిల్లల తెల్ల జిగురు ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి వాడండి. ఆదిమానవుల దగ్గర అది లేదు, అయినా పర్వాలేదు.

ఏ జిగురైనా ముందు ఒక మూల గీసి ఆరనివ్వండి. వేలితో రుద్దితే పొడి రాలితే జిగురు చాలలేదు. మెరుస్తూ బీటలు వారితే ఎక్కువైంది.

అన్నీ సహజమైనవే కదా, ప్రమాదమేముంది?

సహజమైన ప్రతిదీ సురక్షితం అనుకోవడమే ప్రమాదం. సింధూరం రంగుగా వాడే ఎర్ర పొడుల్లో సీసం ఉంటుంది. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. పచ్చటి మాలకైట్ రాయి రాగి ఖనిజం, నూరితే ఆ దుమ్ము మంచిది కాదు. ఇవేవీ పిల్లల పనిలోకి రాకూడదు. ఇనుప మట్టి, కట్టె బొగ్గు, సుద్ద, కేయోలిన్, ఈ నాలుగే మీ గీత. వాటినైనా తడిపే నూరండి, పని అయ్యాక బల్లను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.

తెల్ల కాగితం మీద వేయవచ్చా?

వేయవచ్చు, కానీ సగం ఆనందం పోతుంది. గుహ గోడ ఎక్కడా చదునుగా ఉండదు. వేసినవాళ్లు ఆ ఎత్తుపల్లాలను చూసి, వాటిలో జంతువును వెతికి, తర్వాతే గీశారు.

స్పెయిన్‌లోని అల్తమీరా గుహ కథ పిల్లలకు తప్పక చెప్పాలి. 1879లో మార్సెలీనో సాన్స్ దె సౌత్వోలా అనే ఆయన గుహ నేలలో పాత పనిముట్ల కోసం తవ్వుతున్నాడు. ఆయన కిందికి చూస్తుంటే, వెంట వచ్చిన ఎనిమిదేళ్ల కూతురు మరియా తల పైకెత్తింది. కప్పు నిండా బైసన్‌లు, అంటే అడవి దున్నలు! అంత పాతకాలపు మనుషులు ఇంత బాగా వేయలేరని పండితులు నమ్మలేదు, ఆయనను మోసగాడన్నారు. ఆయన 1888లో చనిపోయాడు. ఆయనను తప్పుబట్టిన వారిలో ముఖ్యుడైన ఎమిల్ కార్తయ్యాక్ 1902లో తన పొరపాటును అచ్చులో ఒప్పుకున్నాడు. మరియా చూసిన ఆ బైసన్‌లలో కొన్ని కప్పు మీది ఉబ్బెత్తు బండల ఆకారంలోనే ఉన్నాయి. ఉబ్బు ఎక్కడుంటే అక్కడ జంతువు ఒళ్లు.

ఇంట్లో గోడ చేయడం కష్టం కాదు. పెద్ద అట్టముక్క మీద నలిపిన కాగితపు ఉండలు అక్కడక్కడా అంటించి, పైన జిగురులో ముంచిన కాగితపు ముక్కలు రెండు మూడు పొరలు వేయండి. చివరి పొర జిగురు తడిగా ఉండగానే మీరు మట్టి కడిగినప్పుడు మిగిలిన ఇసుకను చల్లండి. ఆ ఇసుక ఇందుకే దాచుకోవాలి. ఆరడానికి ఒక రోజు పడుతుంది. అంత ఓపిక లేకపోతే గోధుమరంగు కాగితాన్ని బాగా నలిపి విప్పండి, చదును రాళ్లు, మెరుపు పూత లేని పెంకులు కూడా బాగుంటాయి.

పిల్లలు ఇల్లు, సూర్యుడు, చెట్టు వేస్తున్నారు. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పకండి, ముందు గోడ చూపించండి. గదిలో లైట్లు తీసేసి, టార్చ్‌ను ఒక పక్క నుంచి గోడ వారగా పట్టండి. ఉబ్బుల నీడలు సాగుతాయి. "ఇందులో ఎవరున్నారు?" అని అడగండి. ఒకరికి వీపు కనిపిస్తుంది, ఇంకొకరికి కొమ్ము. కనిపించిన చోట నుంచే మొదలుపెట్టమనండి.

తర్వాత ఆ గుహ బొమ్మల లక్షణాలు ఒక్కొక్కటిగా చెప్పవచ్చు. యూరప్ గుహల్లో నేల గీత ఉండదు, చెట్లు ఉండవు, ఆకాశం ఉండదు, మనుషులు చాలా అరుదు. జంతువును పక్క నుంచి వేస్తారు, కొమ్ములను మాత్రం ముందు నుంచి చూసినట్టు. ఒకదాని మీద ఇంకొకటి వేసేస్తారు, పాతదాన్ని చెరపరు. షోవేలో ఒక బైసన్‌కు ఎనిమిది కాళ్లున్నాయి, పరిగెత్తుతున్నట్టు అనిపిస్తుంది. భీమ్‌బేట్కాలో మాత్రం మనుషులు నిండుగా ఉంటారు, నాట్యం చేస్తూ, వేటాడుతూ. ఆ ఆశ్రయాలను విష్ణు శ్రీధర్ వాకణ్‌కర్ 1957లో గుర్తించారు.

ఫొటో పెట్టి కాపీ చేయించడం నాకు ఇష్టం లేదు. వాళ్లు తమ కళ్లతో రోజూ చూసిన జంతువులను జ్ఞాపకం నుంచి వేశారు. మీ పిల్లలు రోజూ చూసే జంతువు పిల్లి అయితే పిల్లే వేయనివ్వండి. ఆస్ట్రేలియా ఆదివాసుల వంటి, నేటికీ బతికి ఉన్న సంప్రదాయాల పవిత్ర గుర్తులను మాత్రం ఆటగా వాడకూడదని చెప్పండి.

పెద్దదిగా వేయనివ్వండి. లాస్కోలో ఒక ఎద్దు పొడవు 5 మీటర్లకు పైనే.

కుంచెలు ఏవి?

వేళ్లు ముందు. తర్వాత పచ్చి పుల్ల చివర రాతితో నలగ్గొట్టి పీచు తేల్చితే మంచి కుంచె. పక్షి ఈక, నాచు, ఉన్ని ముద్ద కూడా పనికొస్తాయి. బొగ్గు గీతను వేలితో సాగదీసి రుద్దితే నీడ వస్తుంది. షోవే గుర్రాల ముఖాలకు అలాగే వచ్చింది.

చేతి అచ్చులు ఎలా వేయాలి? నోటితో ఊదవచ్చా?

ఇండోనేషియాలోని సులవేసి నుంచి అర్జెంటీనాలోని కూయెవా దె లాస్ మానోస్ దాకా, ప్రపంచం ఆ చివర నుంచి ఈ చివర దాకా మనుషులు గోడకు చెయ్యి ఆనించి చుట్టూ రంగు ఊదారు. అర్జెంటీనా గుహలో ఉన్నవి ఎక్కువగా ఎడమ చేతులే. ఊదే గొట్టాన్ని కుడిచేత్తో పట్టుకున్నారన్నమాట. ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త మిషెల్ లోర్‌బ్లాంషే పెష్ మెర్ల్ గుహలోని మచ్చల గుర్రాలను రంగు నోట్లో పెట్టుకుని ఊసి మళ్లీ వేసి చూపించాడు. మీరూ మీ పిల్లలూ అలా చేయకండి, రంగు నోట్లోకి పోకూడదు.

స్ప్రే సీసా వాడండి. రంగును పాలలాగా పలుచన చేసి, రెండు పొరల బట్టలో వడకట్టాకే పోయండి, లేకపోతే మూడు పిచికార్లకే సీసా మూసుకుపోతుంది. పలకను నిలువుగా పెట్టి, అరచేయి బాగా నొక్కి, ఒక అడుగు దూరం నుంచి పలుచగా రెండు మూడుసార్లు కొట్టండి. ఒకేసారి ఎక్కువ కొడితే వేళ్ల కిందికి కారుతుంది. చేతిని పక్కకు జరపకుండా నేరుగా ఎత్తాలి.

కాస్త పెద్ద పిల్లలు ఊదాలని పట్టుబడితే రెండు స్ట్రాల పద్ధతి ఉంది. ఒకటి రంగులో నిలబెట్టండి, రెండోది అడ్డంగా పట్టుకుని మొదటిదాని పై అంచు మీదుగా గట్టిగా ఊదండి. ఆ గాలికి కింది రంగు పైకి లేచి తుంపరగా చిమ్ముతుంది, నోటికి తగలదు. కళ్లద్దాలు పెట్టించండి, లోపలికి పీల్చవద్దని ముందే గట్టిగా చెప్పండి.

అందరి చేతులూ ఒకే పలక మీద వేయండి. చిన్నవాళ్ల చెయ్యి కదలకుండా పెద్దవాళ్లు మణికట్టు దగ్గర పట్టుకోండి, మీ చెయ్యి కూడా అచ్చులో పడనివ్వండి.

ఆ బొమ్మలు వేసింది మగవాళ్లేనా?

చాలాకాలం అలాగే అనుకున్నారు, ఎవరూ చూడకుండానే. ఫ్రాన్స్, స్పెయిన్ గుహల్లోని 32 చేతి అచ్చుల వేళ్ల పొడవులు కొలిచిన అమెరికన్ పరిశోధకుడు డీన్ స్నో వాటిలో 24 ఆడవాళ్లవని 2013లో ప్రకటించాడు. ఆ కొలతల మీద చర్చ ఉంది, కానీ "ఆదిమానవుడు" అన్న మాట అన్నప్పుడల్లా మీ అమ్మాయి మనసులో ఒక్క మగవాడే మెదలకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

మాకు బొమ్మలు వేయడం రాదు. ఫర్వాలేదా?

ఫర్వాలేదు. నూరడం వస్తే చాలు.

పూర్తయ్యాక ఎలా చూడాలి?

చీకట్లో. ఆ గుహల్లోపల పగలు కూడా చీకటే. లాస్కోలో చెంచా ఆకారంలో చెక్కిన ఎర్ర ఇసుకరాతి దీపం దొరికింది, కొవ్వు పోసి వెలిగించేవాళ్లు. ఆ వెలుగు వణుకుతుంది కాబట్టి బొమ్మలూ కదిలేవి. మీరు గదంతా చీకటి చేసి, రెపరెపలాడే బ్యాటరీ దీపాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా నడిపించండి. అసలు నిప్పు వద్దు, మీ గోడ కాగితంతో చేసింది. మొదటిసారి చూసినప్పుడు మా ఇంట్లో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. పగటి వెలుతురులో వంకరగా అనిపించిన ఒక గుర్రం ఆ దీపం కింద మెడ తిప్పినట్టే ఉంది.

బయట నిజమైన బండల మీద వేయవచ్చా?

వద్దు. ఆ బండ మీద కంటికి కనిపించని పాత గీతలు ఉండవచ్చు. మనం వేసిన ఎరుపు పోదని ముందే చెప్పాను కదా. నిజమైన గుహ బొమ్మలు చూడటానికి వెళ్తే ముట్టుకోవద్దు, నీళ్లు చల్లవద్దు. లాస్కోను 1940లో కనుగొన్నారు, 1948లో జనానికి తెరిచారు. జనం ఊపిరికి, చెమ్మకు గోడలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు సందర్శకులు చూసేది దాని నకలునే.

బట్టలకు అంటితే పోతుందా?

మట్టి పూర్తిగా ఎండనివ్వండి, దులపండి, తర్వాత చల్లని నీళ్లలో సబ్బుతో ఉతకండి. బ్లీచ్ వేస్తే ఇనుప మరక ఇంకా గట్టిపడుతుంది. పాత బట్టలు వేసుకోవడమే తెలివైన పని. గిన్నెలు కడిగిన నీళ్లను సింకులో పోయకుండా బకెట్‌లో పట్టి, తేరుకున్నాక మొక్కల పాదులో పోయండి, లేకపోతే మట్టి పేరుకుని పైపు మూసుకుపోతుంది.

రంగులు, బొమ్మలు ఎంతకాలం ఉంటాయి?

గుడ్డు కలిపిన రంగు ఆ పూటకే, మిగిలితే పారేయాలి. బంక కలిపినది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని రోజులుంటుంది. వట్టి పొడి ఎన్నేళ్లయినా ఉంటుంది. బొమ్మ మీద బొగ్గు రాలకుండా పలుచటి జిగురు నీళ్లను దూరం నుంచి తుంపరగా కొట్టండి. గుడ్డు రంగు వేసిన పలక బాగా ఆరాకే గోడకు పెట్టండి, చెమ్మ ఉంటే బూజు పడుతుంది.

మిగిలిన పొడులను చిన్న సీసాల్లో పోసి, ఏ చోటి మట్టి, ఏ తేదీ, కాల్చిందా లేదా అని చీటీ అంటించండి. పలక వెనక అందరి పేర్లూ, ఆ రోజు పిల్లల వయసులూ రాసి పెట్టండి. మా పాప మూడేళ్లప్పటి చెయ్యి ఇప్పుడు తన అరచేతిలో సగానికి వస్తుంది. ప్రతి ఏడూ ఒకసారి వెళ్లి ఆనించి చూసుకుంటుంది.